పొగమంచులో గ్రాండ్ ట్రంక్ రోడ్డు

కోల్‌కతా నుండి ఢిల్లీకి పోయే జాతీయ రహదారిని మా తరం ఇంజనీర్లు నేటికీ ‘రెండవ నంబరు రోడ్డు’ అనే వ్యవహరిస్తారు. 2010లో రహదారులకు కొత్త సంఖ్యలు ఇచ్చినపుడు దీనిలో అధికభాగం 19వ నంబరు అయినది. లారీ డ్రైవర్లకు మాత్రం ఏ నంబరూ పట్టదు. వారికిది ఎప్పటికీ ‘జీటీ రోడ్డే’. మన సంస్థ సరుకు ఈ దారిన ఏటా ఎంతో పోతుంటుంది. బయలుదేరిన తేదీ, చేరిన తేదీ మన కాగితాలలో ఉంటాయి. నడుమ గడచిన రాత్రుల ప్రస్తావన మాత్రం వాటిలో ఉండదు.

2023 జనవరి మాసంలో మూడు లారీల రాగి కేబులు డ్రమ్ములను దంకుని నుండి వారణాసి సమీపంలోని ఒక నిర్మాణ స్థలానికి చేర్చే సందర్భంలో, వాటి వెంట కారులో ప్రయాణించే అవకాశం నాకు కలిగినది. అంతకు ముందు నెలలో వచ్చిన ఒక లోడులో ఒక డ్రమ్ముకు 14 మీటర్ల కేబులు తగ్గడమే ఇందుకు కారణం. 14 మీటర్లు అల్పమని పాఠకులు భావించవచ్చు. కాని 500 మీటర్ల దూరానికి 486 మీటర్ల కేబులు చాలదు. మధ్యలో జాయింటు వేయాలి, జాయింటు ఉన్నచోట బలహీనత ఉంటుంది. పైగా దొంగ కోసిన కొనకు మూత ఉండదు కనుక ఆ కొన రాత్రంతా మంచు తేమను పీలుస్తుంది. దొంగకు దక్కిన రాగి విలువకు ఎన్నో రెట్లు మనకు నష్టం.

బర్దమాన్, దుర్గాపూర్, ఆసన్‌సోల్‌ల మీదుగా సాగిన మొదటి పగలు విశేషాలు లేకుండా గడచినది. మధ్యాహ్నం జార్ఖండ్‌లో కుడివైపు పారస్‌నాథ్ కొండ కనబడినది. ఇరవైమంది జైన తీర్థంకరులు నిర్యాణం పొందిన పుణ్యస్థలమని ప్రసిద్ధి. డ్రైవర్లు స్టీరింగు వదలకుండానే ఒక చేత్తో నమస్కరించి ముందుకు పోయారు.

చీకటి పడే వేళకు బర్హీ చేరాము. రాంచీ నుండి పట్నా పోయే రహదారి ఇక్కడ గ్రాండ్ ట్రంక్ రోడ్డును కలుస్తుంది. నాలుగు దిక్కుల బండ్లు చేరే కూడలి కాబట్టి దాబాలకు కొదువ లేదు. చలిమంటల చుట్టూ కంబళ్ళు కప్పుకొన్న డ్రైవర్లు, నులక మంచాలు, మట్టి పిడతలలో చాయ, నిప్పులపై కాలుతున్న లిట్టీలు. చూడముచ్చటైన దృశ్యమే గాని, ఎనిమిది గంటలకే ఆవరణ నిండిపోయినది. ఆ తరువాత వచ్చిన బండ్లు రోడ్డు వారనే, దీపాలు లేని చోట, వరుసగా నిలిచాయి. దొంగలకు కావలసినవి ఆ బండ్లే.

శీతకాలం దొంగకు ఏ విధంగా తోడ్పడుతుందో అక్కడ కొంతసేపు నిలబడితే బోధపడుతుంది. డ్రైవరు చలికి అద్దాలు బిగించి, చెవులకు మఫ్లరు చుట్టి పడుకుంటాడు. వెనుక తాడు తెగిన చప్పుడు అతనికి వినరాదు. కొందరు క్యాబినులో బొగ్గుల కుంపటి పెట్టుకొని తలుపులు మూసుకుంటారు. ఇది దొంగతనం కన్న ఘోరం. బొగ్గు నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడు వాయువుకు రంగు, వాసన లేవు. నిద్రలో ఉన్నవాడు నిద్రలోనే పోతాడు. మన డ్రైవర్లలో ఒకరి దగ్గర అటువంటి కుంపటి కనబడగా, బయట ఉంచమని కోరి, అదనంగా రెండు కంబళ్ళు కొని ఇచ్చాము.

అక్కడనే ఏ.పి. నంబరు గల ఒక చేపల లారీ కనబడినది. కొల్లేటి ప్రాంతపు చేపలు మంచులో కప్పుకొని పట్నా వరకు పోతాయని విన్నవాడనే గాని, అంత దూరాన వాటిని చూడడం అదే మొదలు. మా మాటలు విని డ్రైవరే పలకరించాడు.

“తెలుగోరేనాండి? మాది కైకలూరండి.”

చేపలకు దొంగల భయం ఉండదా అని అడిగాను.

“చేపలెవడెత్తుకెళ్తాడండీ, వాసనొచ్చేత్తాది! ఆళ్ళకి కావాల్సింది మన టాంకీలో డీజిలండి, కింద బేటరీలండి. మీదేం సరుకండి? వద్దులెండి, చెప్పకండి. ఇక్కడెవరడిగినా సిమెంటనే చెప్పండి.”

సరుకు పేరు చెప్పకపోవడమే మొదటి తాళమని అతని సిద్ధాంతం. అతని బండికి ఇద్దరు డ్రైవర్లు. ఒకరు పడుకుంటే ఒకరు మేలుకుంటారు. టాంకీ మూతకు, బ్యాటరీ పెట్టెకు తాళాలున్నాయి. దారిలో అపరిచితులిచ్చే చాయ గాని, బిస్కట్లు గాని, చివరకు ప్రసాదం గాని ముట్టరు. మత్తుమందు కలిపి దోచుకొనే ముఠాలను ఇటువైపు ‘జహర్‌ఖురానీ’ అంటారని చెప్పాడు. మన మూడు లారీల నిలుపుదలను కూడ అతడే సరిచేయించాడు. రెండు బండ్ల వెనుక భాగాలు ఒకదానికొకటి ఆనుకొనేటట్లు, మూడవదాని వెనుక భాగం దాబా గోడను తాకేటట్లు నిలిపించాడు. “ఎనక సందు లేకపోతే ఎక్కేదెలాగండి?” అన్నాడు. ఇందుకు ఒక్క పైసా ఖర్చు లేదు.

రాత్రి రెండు దాటిన తరువాత పొగమంచు దిగినది. నిర్మలమైన ఆకాశం కింద నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. తడి నేలలపై, నీరు పెట్టిన గోధుమ చేలపై గాలిలోని ఆవిరి నేలమట్టంలోనే నీటి బిందువులుగా మారుతుంది. గాలి కదలదు కనుక అది తొలగదు. 200 మీటర్ల లోపు మాత్రమే కనబడితే దట్టమైన పొగమంచు అని, 50 మీటర్ల లోపైతే అతి దట్టమని వాతావరణ శాఖ పరిభాష. ఆనాడు నాకు పక్క లారీ కూడ కనబడలేదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు సాగుతుంది. నడిపితే ప్రాణానికి ముప్పు, ఆగితే సరుకుకు ముప్పు. ఈ రెంటి మధ్య నిర్ణయం తీసుకోవలసినవాడు నెల జీతానికి పనిచేసే డ్రైవరు!

ఉదయం పది గంటల వరకు కదలలేదు. మా డ్రైవరు ఒకరికి ఇ-వేబిల్లు గడువు బెంగ పట్టుకొన్నది. 2021 జనవరి నుండి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు లెక్కిస్తారు. గడువు తీరే ముందు ఎనిమిది గంటలలో గాని, తీరిన తరువాత ఎనిమిది గంటలలో గాని దానిని పొడిగించుకొనే వీలున్నది. ఈ సంగతి తెలియక, గడువు మీరుతుందన్న భయంతో మంచులో బండి తోలేవారున్నారు. పొడిగింపు ఫోను మీద పది నిముషాల పని. ఆ పది నిముషాలు వెచ్చించవలసినవారు కార్యాలయాలలో ఉన్నవారే.

చౌపారణ్ దాటిన తరువాత దనువా ఘాటు దిగవలసి ఉన్నది. లోడు బండి ఇక్కడ చిన్న గేరులో నడకవేగంతో దిగుతుంది. వెనుకనుండి ఎక్కి, టార్పాలిను కోసి, దొరికినది కిందికి విసిరి దిగిపోవడానికి అంతకన్న అనువైన చోటు లేదు. మూడు బండ్లు దగ్గరదగ్గరగా, ఒకదాని దీపాలు మరొకదాని వెనుక భాగంపై పడేటట్లు దిగాయి; చివర మా కారు. డోభీ, షేర్‌ఘాటీ, ఔరంగాబాద్ గడచి, బారుణ్ వద్ద సోన్ నది దాటాము. పక్కన 1900 సంవత్సరంలో ప్రారంభించిన రైలు వంతెన ఉన్నది. మూడు కిలోమీటర్ల పొడవు గల ఆ వంతెనలో ఆనాడు కొన్ని కమానులే కనబడి, మిగిలినదంతా తెల్లదనంలో కలిసిపోయినది.

ససారాంలో గంటసేపు ఆగి, చెరువు నడుమ నిలచిన షేర్షా సమాధిని దర్శించాను. 1540 నుండి 1545 వరకు, అయిదేళ్ళే ఏలిన ఈ పాదుషా ఇదే దారిన రెండు కోసులకొక సరాయి కట్టించాడని అక్బరు కాలపు చరిత్రకారుడు అబ్బాస్ ఖాన్ సర్వానీ వ్రాశాడు. బాటసారికి పడక, భోజనం, గుఱ్ఱానికి దాణా అక్కడ లభించేవట. దారిలో దొంగతనం జరిగితే ఆ పరిధిలోని గ్రామపెద్ద దొంగను పట్టి అప్పగించాలి, లేదా నష్టం తాను పూడ్చాలి. బాటసారి నుండి వసూలు చేసేవారు కారు. నేడు 2007 నాటి రోడ్డు రవాణా చట్టం సరుకు బాధ్యతను రవాణా సంస్థపై ఉంచినది. ఆచరణలో మాత్రం ‘కొరత’ అని ఒక ముక్క రసీదుపై వ్రాయగానే అది జారి జారి డ్రైవరు బత్తాలో కోతగా తేలుతుంది. పూర్వపు లోడు డ్రైవరుకు కూడ అదే జరిగినదని దారిలో తెలిసినది. కోత భయం ఉన్నవాడు దొంగతనాన్ని పోలీసులకు చెప్పడు, దాస్తాడు. అందుచేత ఏ చోట దొంగతనాలు జరుగుతున్నవో మనకు ఎన్నటికీ తెలియదు. ఈ పద్ధతి అన్యాయమే గాక తెలివితక్కువ కూడ అని నా అభిప్రాయం.

కర్మనాశ నది దాటి ఉత్తరప్రదేశ్‌లో ప్రవేశించి, మూడవనాటి మధ్యాహ్నం స్థలం చేరాము. దించకముందే ప్రతి డ్రమ్ము కొననుండే మూతను, పైపొరపై ముద్రించిన మీటరు అంకెలను దంకునిలో వ్రాసుకొన్న అంకెలతో సరిచూశాము. అన్నీ సరిపోయాయి. రసీదులపై ‘కొరత లేదు’ అని వ్రాసి సంతకం చేశాము.

దించిన బండి సాయంత్రం ఆరు లోపల గేటు దాటిపోవాలని అక్కడి నిబంధన. అప్పటికే మంచు దిగుతున్నది. స్టోర్సు అధికారితో మాట్లాడగా, మూడు లారీలను ఆ రాత్రికి ప్రహరీ లోపల, దీపం కింద నిలుపుకొనడానికి అనుమతించారు. డ్రైవర్లు మరునాడు పదకొండు గంటలకు నిద్రలేచారు.