ఆ ఒక్క గడిలో ఏమి వ్రాయాలి?



ఈ సంగతి వ్రాయాలా వద్దా అని మేమిద్దరం చాలా రోజులు తర్జనభర్జన పడ్డాము. ఇంటి గుట్టు వీధిలో పెట్టుకోవడమెందుకని ఒకసారి, మనలాంటి ఇళ్లు ఈ డెల్టాలో ఇంకెన్ని ఉన్నాయో, వాళ్లకు పనికొస్తుంది కదా అని ఇంకొకసారి అనుకున్నాము. చివరకు మా పెద్దబ్బాయే, "వ్రాయండి నాన్నా, పేరొక్కటి వద్దు" అన్నాడు.

మాది కోనసీమలో కాలువ శివారు గ్రామము. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొరగారు కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆనాటి నుండి ఈ నేలకు గోదావరి నీళ్లే ప్రాణము. అయితే శివారు రైతుకు ఆ నీళ్లు అందరి తరువాతనే అందుతాయి. దాళ్వాలో వంతులు పెట్టినప్పుడు రాత్రిళ్లు బోదె గట్టు మీద కాపలా ఉండడం మాకు అలవాటే. 2012లో అలాంటి ఒక రాత్రి, మా వంతు నీళ్లకు అడ్డుకట్ట పడింది. పక్క చేను ఆసామితో మాటా మాటా పెరిగింది. మావాడు చేతిలోని పార తిరగేసి కొట్టాడు. ఆయన చెయ్యి విరిగింది. అప్పటికి మావాడికి ఇరవై మూడేళ్లు.

తరువాత పెద్దలు రాజీకి వచ్చారు. చట్టం రాజీకి వీలిచ్చే కేసే అది. వైద్యం ఖర్చులు ఇచ్చి, తప్పు ఒప్పుకుంటే సరిపోయేది. కాని, "ముందు నీళ్లు కట్టేసింది వాళ్లు, మేమెందుకు తగ్గాలి?" అన్నాము. అన్నది మా అబ్బాయి కాదు, మేమే. కేసు నాలుగేళ్లు నడిచింది. 2016లో ఆరు నెలల శిక్ష పడింది. రాజమండ్రి సెంట్రల్ జైలు ఒకప్పుడు డచ్చివారి కోట. ఆ గోడల బయట ములాఖతు కోసం నిలబడిన ప్రతిసారీ, ఆనాడు తగ్గి ఉంటే ఎంత బాగుండేదని ఏడ్చాము.

విడుదలై వచ్చిన మొదటి ఆదివారమే మావాడు సంఘములో అందరి ఎదుట నిలబడి తన తప్పు ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రమే పక్క చేను ఆసామి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాడు. ఆయన వెంటనే ఏమీ అనలేదు. ఆ ఏడాది కోతలకు మాత్రం కబురు చేశాడు. తరువాత మావాడికి పెండ్లి అయింది, ఇద్దరు పిల్లలు కలిగారు. ట్రాలీ ఆటో కొనుక్కుని అంబాజీపేట మార్కెట్టుకు కొబ్బరికాయలు తోలుకుంటున్నాడు.

2023లో మా పక్క ఊరిలో ఇలాగే ఆటో నడుపుకునే కుర్రవాడు రోడ్డు ప్రమాదములో పోయాడు. భార్య, చంటిబిడ్డ, తీరని ఫైనాన్సు బాకీ మిగిలాయి. భూస్థాపన నుండి వచ్చిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మర్నాడే జీవిత బీమా ఏజెంటుకు కబురు పెట్టాము. అతడు మన సంఘపు బిడ్డే. దరఖాస్తు పత్రములోని ప్రశ్నలు ఒక్కొక్కటే చదువుతూ నింపుతున్నాడు. ఒకచోట ఆగిపోయాడు. మీ మీద ఎప్పుడైనా నేరము రుజువైనదా, కేసులేమైనా నడుస్తున్నవా అన్నది అక్కడి ప్రశ్న.

"బాబాయి గారూ, ఇక్కడ లేదని పెట్టేద్దామండి. ఎప్పుడో అయిపోయిన గొడవ కదండీ. అంత దూరాన కూర్చున్నవాళ్లు ఎవరు చూస్తారండి?" అన్నాడు.

సిగ్గు విడిచి చెబుతున్నాము, మేము సరేనన్నాము. మనుమల ముఖం చూసి సరేనన్నాము. మా అబ్బాయి మాత్రం కలం క్రింద పెట్టేశాడు. "సంఘములో అందరి ముందు చెప్పినవాడిని, కాగితం మీద చెప్పలేనా?" అన్నాడు.

మాకు కోపం వచ్చింది. నీ నిజాయితీ కోసం పిల్లల నోట్లో మట్టి కొడతావా అని కసిరాము కూడా. ఆ పత్రం అలాగే బల్లమీద ఉండిపోయింది. అప్పుడు రాజమండ్రిలో ఉంటున్న మా బంధువు ఒకాయన, బీమా సంస్థలో పనిచేసి విరమించిన పెద్దమనిషి, మా ఇంటికి వచ్చారు. ఆయన చెప్పిన మాటలు విన్నాక, పిల్లల నోట్లో మట్టి కొట్టబోయింది మేమేనని అర్థమైంది.

బీమా అనేది నమ్మకం మీద నిలిచే ఒప్పందము. మన సంగతులు మనకు తెలిసినట్లు సంస్థకు తెలియవు కనుక, అడిగినవి ఉన్నదున్నట్లు చెప్పాలి. నేరం సంగతి ఎందుకు అడుగుతారంటే, పగలూ తగాదాలూ ఉన్నవాని ప్రాణానికి ముప్పు ఎక్కువా అని వారు లెక్క చూసుకుంటారు. 1938 నాటి బీమా చట్టములో 45వ సెక్షన్ అని ఒకటుంది. 2015లో దానిని సవరించారు. పాలసీ మొదలై మూడేళ్లు నిండితే, ఆపైన ఏ కారణము చేతనూ సంస్థ దానిని ప్రశ్నించరాదు. ఆగిపోయిన పాలసీని తిరిగి బ్రతికించుకుంటే, ఆ మూడేళ్లు అక్కడి నుండి లెక్కకు వస్తాయి. మూడేళ్లలోపు మనిషి పోతే మాత్రం ప్రతి జవాబునూ తిరగేసి చూడవచ్చు. కావాలని దాచినట్లు తేలితే సొమ్ము ఇవ్వనక్కరలేదు. జైలు శిక్ష కోర్టు రికార్డులో ఉన్న సంగతి, దాగేది కాదు. అబద్ధమాడినవాడు వెళ్లిపోతాడు, దాని ఫలితము అనుభవించేది భార్యాబిడ్డలు.

"ఏజెంటు వ్రాశాడు, మేము సంతకం పెట్టాము అంటే కుదరదా?" అని అడిగాము. కుదరదన్నారు. అంతకుముందే ఉన్న వేరొక పాలసీ సంగతి పత్రములో వ్రాయని కేసు ఒకటి 2019లో సుప్రీంకోర్టు వరకూ వెళ్లింది. చదవకుండా సంతకం చేశాడన్నది సాకు కాదని కోర్టు చెప్పి, సంస్థ వాదననే సమర్థించింది.

ఆయన ఇంకొక మెలకువ చెప్పారు. ప్రశ్నను అక్షరం అక్షరం చదవాలి. శిక్ష పడిందా అని అడగడం వేరు, కేసు నడుస్తున్నదా అని అడగడం వేరు, ఎప్పుడైనా అరెస్టు అయ్యారా అని అడగడం వేరు. కోర్టు కొట్టివేసిన కేసు శిక్ష కాదు. చట్టం ప్రకారం రాజీ కుదిరి కోర్టు నమోదు చేస్తే, అది నిర్దోషిగా విడుదలైనట్లే లెక్క. ఆ మాట వినగానే మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. ఆనాడు మా పౌరుషం అడ్డు రాకపోతే మా బిడ్డ ఆ గడిలో శిక్ష పడలేదని సత్యముగానే వ్రాసుకునేవాడు!

ఇంగ్లాండులో 1974 నుండి ఒక చట్టమున్నది. చిన్న శిక్ష పడిన తరువాత నిర్ణీత కాలం మంచిగా బ్రతికితే, ఆ శిక్షను బీమా సంస్థకు చెప్పనవసరం లేదు. అక్కడి చట్టమే ఆ పాత పేజీని మూసివేస్తుంది. మన దేశములో పెద్దవారికి అలాంటి సాధారణ చట్టం లేదు. కనుక అడిగినచోట చెప్పుకోవలసిందే.

మావాడు ఉన్నది ఉన్నట్లు వ్రాశాడు. సంస్థ తీర్పు నకలు, జైలు విడుదల పత్రము అడిగింది. పంపాము. రెండు నెలలకు పాలసీ ఇవ్వలేమని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం చదివి, "జడ్జిగారు ఆరు నెలలే అన్నారు కదమ్మా, ఇంకా అయిపోలేదా?" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

రాజమండ్రి పెద్దాయన ఫోనులో ధైర్యం చెప్పారు. "మన తెలుగువారి బీమా చరిత్ర చూడండి. 1925లో మచిలీపట్నంలో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ పెట్టిన పట్టాభి సీతారామయ్య గారు 1942 ఉద్యమములో అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా ఉన్నవారే" అన్నారు. ఆయన దేశం కోసం వెళ్లారు, మావాడు కోపం పట్టలేక వెళ్లాడు. రెండూ ఒకటి కాదు. అయినా ఆ మాటకు మావాడు చాలా రోజుల తరువాత నవ్వాడు.

ఆయన సలహా మీద ముందుగా బ్యాంకుకు వెళ్లాము. 2015లో మొదలైన ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు. 18 నుండి 50 ఏళ్ల లోపు ఖాతాదారులు చేరవచ్చు. ఏ కారణము చేత మరణించినా 2 లక్షలు ఇస్తారు, చేరిన మొదటి 30 రోజులలో మాత్రం ప్రమాద మరణానికే. సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, 70 ఏళ్ల వరకు. ప్రమాదములో మరణిస్తే 2 లక్షలు. మావాడు నింపిన పత్రములలో పాత కేసుల ప్రశ్నే లేదు. మే నెలాఖరుకు ఖాతాలో ఆ డబ్బు ఉండేలా చూసుకుంటే చాలు. పెద్ద పాలసీ దొరకనివాడు కూడా ఇల్లాలిని వట్టి చేతులతో వదలనక్కరలేదని అప్పుడు తెలిసింది.

ఏడాది తరువాత మరొక సంస్థకు దరఖాస్తు పెట్టాము. మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు, అవే కాగితాలు. ఈసారి ఎనిమిదేళ్లుగా ఏ గొడవా లేదన్నది చూశారు కాబోలు, అడిగిన మొత్తములో సగానికి పాలసీ ఇచ్చారు. సగమైనా అది గట్టి కాగితము. రేపు మా కోడలిని ఎవరూ, మీ ఆయన అబద్ధమాడాడు అనలేరు.

మీ ఇంట్లోనూ ఇలాంటి బిడ్డ ఉంటే భయపడి దాచకండి, విసిగి మానుకోకండి. తీర్పు నకలు భద్రముగా ఉంచుకోండి. పూర్తిచేసిన దరఖాస్తు నకలు ఒకటి అడిగి తీసుకోండి. అన్నీ నిజం చెప్పిన తరువాత కూడా క్లెయిము అన్యాయముగా త్రోసివేస్తే, ముందు సంస్థకే ఫిర్యాదు వ్రాయండి. నెలలోపు సరైన జవాబు రాకుంటే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు చెప్పుకోవచ్చు. మన రాష్ట్రముతో పాటు యానాము వారు కూడా అక్కడికే వ్రాసుకోవాలి. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. సంస్థ కాదన్న తరువాత ఏడాది దాటనివ్వకండి.

ఇప్పుడు మా ఇనుప పెట్టెలో ఆ పాలసీ కాగితమూ కోర్టు తీర్పు నకలూ ఒకే కవరులో ఉన్నాయి. విడివిడిగా పెడదామని మేమంటే మావాడు ఒప్పుకోలేదు. ఒకటి వెతికినప్పుడు రెండవది కూడా దొరకాలంటాడు. మొన్న దాళ్వా వంతులప్పుడు మళ్లీ బోదె దగ్గర మాట పెరగబోతే, పార గట్టు మీద పెట్టేసి లస్కరును పిలుచుకుని వచ్చాడట. ఆ సంగతి మాకు చెప్పింది పక్క చేను ఆసామే.