రెండు కొమ్మల మధ్య అవార్డు

మా చిన్నాడు పన్నెండు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాడు. అందులో నాయనమ్మ వేషం మా అత్తగారే వేశారు. ఓ పొద్దున్న "అమ్మా, బెస్ట్ డైరెక్టర్ అవార్డు!" అని గంతులేశాడు. రెండు ఆకు కొమ్మల మధ్య వాడి సినిమా పేరున్న బొమ్మ పంపారు. నేను పాయసం చేసి, ఆ బొమ్మని వాట్సాప్‌లో చుట్టాలందరికీ పంపేశాను.

మర్నాడు ఇంకో మెయిలు. ట్రోఫీ కావాలంటే ఎనిమిది వేలు కట్టాలట! ఎంట్రీ ఫీజు మూడు వేలు అప్పటికే కట్టాడు.

అత్తగారు ఒకటే అడిగారు: "ఏ హాల్లో వేశార్రా? ఎంతమంది చూశారు?"

వాడి దగ్గర జవాబు లేదు.

ఇద్దరం కూర్చుని వెతికాం. నెలనెలా అవార్డులే. జడ్జీల పేర్లు లేవు, హాలు లేదు, పోయినేడు జనం కూర్చున్న ఫొటో ఒక్కటీ లేదు. తిరువనంతపురంలో 2008లో మొదలైన షార్ట్ ఫిల్మ్ ఉత్సవం చూడండి, ఏ థియేటర్లో ఏ రోజు ఏ సినిమానో షెడ్యూలు వేస్తారు. ఎంట్రీ ఫీజు మంచి ఉత్సవాలూ తీసుకుంటాయి, అది తప్పు కాదు. గెలిచాక డబ్బులడిగితేనే అనుమానించాలి. ఇకమీదట ఫీజు కట్టేముందు, అంతకుముందు అక్కడ సినిమా వేసిన ఒకరిద్దరిని అడగాలని రూలు పెట్టుకున్నాం.

"అంటే నా సినిమా బాలేదా అమ్మా?" అన్నాడు రాత్రి.

"వాళ్ళసలు చూళ్ళేదు కదరా" అన్నాను.

ఆదివారం మేడ మీద తెల్ల దుప్పటి కట్టి వీధిలో వాళ్ళకి వేశాం. చివర్లో పక్కింటి పిన్నిగారు కళ్ళొత్తుకున్నారు. చుట్టాలకి మాత్రం అసలు సంగతి నేనే ఫోన్ చేసి చెప్పాను.