గాటు చిన్నదే, జబ్బు చిన్నది కాదు

మిరప కోతల్లో పడి రెండు వారాలుగా ఇక్కడేమీ రాయలేదు. ఈరోజు పొలం సంగతి కాదు, మా అమ్మ సంగతి చెప్తా. కాస్త ఓపిగ్గా చదవండి.

కొన్నేళ్ల కిందట అమ్మకి క్యాన్సర్ వచ్చి ఎడమ కిడ్నీ తీసేశారు. తర్వాత బాగానే ఉంది. ఏటా స్కానింగ్‌కి తీసుకెళ్లేవాణ్ని. పోయినేడు సరిగ్గా కోతలప్పుడు వచ్చింది ఆ రోజు. "నాకేం నొప్పి లేదురా, కూలోళ్లు దొరికినప్పుడు కాయ కోయించు" అంది. నేనూ సరేనన్నా. మా ఆవిడ ఒప్పుకోలేదు. తనే బస్సెక్కించి తీసుకెళ్లింది.

గాల్ బ్లాడర్‌లో, అంటే పిత్తాశయంలో, చిన్న గడ్డ కనపడింది. రాయి కాదు. కిడ్నీ క్యాన్సర్ ఏళ్లు గడిచాక కూడా వేరేచోట తేలొచ్చట. పిత్తాశయానికి రావడం మాత్రం చాలా అరుదట. ఇంకెక్కడా లేదు కాబట్టి తీసేద్దామన్నారు.

పొట్ట మొత్తం కోస్తారేమోనని భయపడ్డాం. కొయ్యలేదు. ల్యాపరోస్కోపీ చేశారు. పొట్టలోకి గ్యాస్ పంపి, నాలుగు చిన్న గాట్లలోంచి కెమెరా, పనిముట్లు దించి తీస్తారు.

"రాళ్ల ఆపరేషన్ కూడా ఇదేగా డాక్టరు గారూ?" అన్నా.

"దారి అదేనండీ, జాగ్రత్త వేరు. తిత్తి చిరిగి లోపలి రసం ఒలికితే క్యాన్సర్ కణాలు పొట్టలో పడొచ్చు. గాటు దగ్గర కూడా మళ్లీ పుట్టొచ్చు. అందుకే చిరగనీయకుండా, సంచిలో పెట్టి బయటికి లాగుతాం" అన్నారు.

నాకు వయ్యారిభామ గుర్తొచ్చింది. విత్తనం పట్టిన మొక్కని పీకి చేలో ఈడ్చుకుంటూ పోతే ఏమవుద్దో మనకి తెలీదా?

రెండో రోజు అమ్మ ఇంటికొచ్చింది. బయాప్సీలో పాత కిడ్నీ క్యాన్సరే అని తేలింది.

అందరికీ ఇదే సరిపోదు. పిత్తాశయంలోనే పుట్టిన క్యాన్సర్ లోతుకి దిగితే కాలేయంలో కొంత ముక్క, చుట్టూ లింఫ్ గ్రంథులు కూడా తీయాల్సి రావొచ్చు. నాలుగైదు చోట్లకి పాకితే ఎక్కువగా మందుల మీదే ఆధారపడాలి. ఏది పనికొస్తుందో డాక్టర్లు చెప్పాలి, నేను కాదు.

నేను చెప్పేది ఒక్కటే. క్యాన్సర్ తగ్గిన మనిషి ఇంట్లో ఉంటే స్కానింగ్ వాయిదా వెయ్యకండి. నొప్పి లేదన్న మాట నమ్మకండి. ఆలస్యమైతే ఆ నాలుగు గాట్లతో పోయేది కాదేమో.

పోయినేడు ఆ రోజు కోయించిన కాయ డబ్బులు ఎప్పుడో ఖర్చయిపోయాయి. ఈసారి కోత ఆపి నేనే తీసుకెళ్లా. ఏమీ లేదన్నారు. అమ్మ ఇప్పుడు కల్లంలో కూర్చుని తాలు కాయలు ఏరుతోంది.