పరధ్యానము

మైపాడులో మా యింటి యెనిమిదేండ్ల బాలిక యన్నము తినుచుఁ దినుచు చూపు నిలిపి క్షణకాల మూరకుండెడిది. పరధ్యానమని మేము గద్దించితిమి. గాలి సోఁకినదని పెద్దలు తాయెత్తు కట్టిరి. తుదకు నెల్లూరిలో వైద్యులు బాలిక తలకు తీఁగెలు తగిలించి మెదడులోని విద్యుత్తరంగములను యంత్రముచే గీయించిరి. బలముగా నూపిరి తీసి విడువుమనఁగా నా చూపు మరల నిలిచినది, గీఁతలును మాఱినవి. ఇది పడవేయని మూర్ఛ యనిరి.

జర్మనీదేశపు హాన్స్ బెర్గర్ 1924లో మనుష్యుల మెదడు తరంగములను మొదట నమోదు చేసెను. ఇట్టి మూర్ఛలో మొనదేలిన గీఁతయు, వెంట నొక యలయు సెకనునకు మూఁడేసి మారులు వచ్చునని 1935లో బోస్టను పరిశోధకులు గిబ్స్, డేవిస్, లెన్నాక్సులు చూపిరి. మా బిడ్డ గీఁతలు నట్టివే. జాతి తెలియనిదే మందు నిర్ణయింపరాదు. ఒక మూర్ఛను మాన్పు మందు మఱియొకదానిని హెచ్చింపవచ్చును.

ఇప్పుడు బిడ్డ మందు మ్రింగుచున్నది. మా గద్దింపులను మాత్రము మేము మరలఁ దీసికొనలేము. చదువరులారా, మీ యింటి బిడ్డ యిట్లు చూపు నిలిపినచో గద్దింపక ముందు వైద్యునకుఁ జూపుఁడు.