గోడౌనులో బతికిన పాట

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. కాఫీ పక్కన పెట్టుకుని నిదానంగా చదవండి.

మన పిల్లల రిసెప్షన్లలో డీజే వేసే దబ్ దబ్ దబ్ దబ్ ఉంది కదా, దాని పూర్వీకుల్లో ఒకరి పేరు హౌస్ మ్యూజిక్. ఆ హౌస్‌కి ఇంటితో సంబంధం లేదు. వేర్‌హౌస్‌లో చివరి ముక్క అది. వేర్‌హౌస్ అంటే గోడౌన్. గూడ్స్ షెడ్డులో, పార్సిల్ ఆఫీసులో సర్వీసంతా గడిపినవాణ్ణి, గోడౌనులో పాట పుట్టిందంటే ఊరుకోగలనా? మా చెల్లెలి కొడుకు సౌండు పనిలో ఉన్నాడు. వాడు చెప్పింది విని, తర్వాత నేనుగా చదివి తెలుసుకున్నది రాస్తున్నాను. మన ఉగాది కార్యక్రమానికీ దీనికీ సంబంధం ఉంది. అక్కడికి వస్తాను.

డిస్కో అంటే మన వయసువాళ్లకు 1980లో వచ్చిన కుర్బానీ సినిమా, నాజియా హసన్ గొంతు గుర్తొస్తాయి. ఆ పాట కట్టిన బిడ్డు మన బెంగళూరులో పుట్టినవాడే. కానీ డిస్కో సినిమాకు ఎక్కకముందే బోర్డు లేని గదుల్లో పెరిగింది. న్యూయార్కులో డేవిడ్ మాన్‌కూసో అనే ఆయన 1970 ఫిబ్రవరి 14న తను ఉంటున్న మేడ మీదే ఒక పార్టీ పెట్టాడు. తర్వాత దానికి లాఫ్ట్ అని పేరు వచ్చింది. పిలుపు ఉన్నవాళ్లకే ప్రవేశం. మందు అమ్మేవాళ్లు కాదు. వచ్చినవాళ్లలో నల్లవాళ్లు, స్పానిష్ మాట్లాడే కుటుంబాలవాళ్లు, మనం పైకి మాట్లాడటానికి మొహమాటపడే గే మనుషులు చాలామంది. అప్పట్లో ఇద్దరు మగవాళ్లు కలిసి ఆడితే పోలీసులు వచ్చే కాలం. బయట చోటు లేనివాళ్లకు ఆ గది ఒక చోటు.

రేడియో పట్టించుకోని రికార్డులు అక్కడ తిరిగేవి. కామెరూన్ దేశపు మను దిబాంగో పాట ఒకటి మాన్‌కూసోకు ఏదో షాపులో దొరికితే, రేడియో కన్నా ముందు ఆ గదిలోనే దానికి పేరొచ్చింది. ఇంకో సంగతి. రేడియో పాట మూడు నిమిషాలు. ఆడేవాళ్లకు అది చాలదు. అందుకని పాటను సాగదీయడం మొదలుపెట్టారు. టామ్ మౌల్టన్ అనే ఆయన ఇందులో ముందు నడిచాడు. 1976లో వాల్టర్ గిబ్బన్స్ ఒక పాటను పది నిమిషాలకు దగ్గరగా సాగదీస్తే, దాన్ని పన్నెండు అంగుళాల రికార్డుగా అంగట్లో అమ్మారు. మన కోలాటంలో ముందు పాడేవాళ్లు ఒకే చరణాన్ని తిప్పి తిప్పి పాడించి ఊపు పెంచుతారు కదా, అదే లెక్క.

1977లో ఫ్రాంకీ నకుల్స్ అనే న్యూయార్కు కుర్రవాడు చికాగో వెళ్లి వేర్‌హౌస్ అనే క్లబ్బులో రికార్డులు వేయడం మొదలుపెట్టాడు. అక్కడికి వచ్చేవాళ్లు కూడా ఎక్కువగా నల్లవాళ్లు, గే మనుషులు. 1979 జూలై 12న అదే చికాగోలో ఒక బేస్‌బాల్ మైదానంలో, రెండు ఆటల మధ్య, ఒక రేడియో ఆయన పెట్టెడు డిస్కో రికార్డులను జనం ముందు పేల్చేశాడు. జనం మైదానంలోకి దూకారు. రెండో ఆట జరగలేదు. కొద్ది నెలల్లోనే రేడియోలు, పెద్ద కంపెనీలు డిస్కోకు మొహం తిప్పుకున్నాయి. అంతా చచ్చిపోయిందనే అనుకున్నారు.

గోడౌనులో మాత్రం పాట ఆగలేదు. కొత్త రికార్డులు రావడం తగ్గేకొద్దీ నకుల్స్ పాతవాటినే టేపు కోసి, అతికించి, పొడిగించి వేశాడు. తర్వాత డ్రమ్ మెషిన్ కలిపాడు. ఊళ్లో రికార్డుల షాపుకు వచ్చినవాళ్లు "వేర్‌హౌస్‌లో వేసే పాటలు" అని అడిగేవాళ్లట. ఆ మాట అరిగి అరిగి హౌస్ అయింది. రికార్డులు పేల్చిన రోజు ఆ మైదానంలో జనానికి సీట్లు చూపించే పనిలో ఉన్న విన్స్ లారెన్స్ అనే నల్ల కుర్రవాడు, 1984లో జెస్సీ సాండర్స్‌తో కలిసి తొలి హౌస్ రికార్డుల్లో ఒకటి తెచ్చాడు. పేల్చినవాళ్లు అది ఊహించి ఉండరు.

మన దేశంలోనూ ఒకాయన ఉన్నాడు. బొంబాయి సినిమా వాద్యగాడు చరణ్‌జీత్ సింగ్. 1982లో జపాను రోలాండ్ కంపెనీ మెషిన్ల మీద పది రాగాలను డిస్కో దరువుతో వాయించి రికార్డు చేశాడు. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ మెషిన్లతోనే కొన్నేళ్ల తర్వాత చికాగో కుర్రాళ్లు పేరు తెచ్చుకున్నారు. సింగ్ రికార్డు 2010లో మళ్లీ విడుదలైతే ప్రపంచం ఆశ్చర్యపోయింది.

ఇక చేదు కథ ఒకటి. లొలీటా హాలొవే అనే నల్ల గాయని 1980లో ఒక డిస్కో పాట పాడింది. 1989లో ఇటలీవాళ్లు ఆమె గొంతు ముక్కలు తీసుకుని హౌస్ పాట చేశారు. ఇంగ్లండులో ఆరు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. వీడియోలో పెదాలు కదిపింది వేరే అమ్మాయి. హాలొవే పేరే లేదు. ఆమె లాయర్లను పెట్టుకుంటేగానీ డబ్బు రాలేదు.

ఇప్పుడు మన సంగతి. మా చెల్లెలి కొడుకు మన వీధి అవ్వల కోలాటం పాటలు ఫోనులో రికార్డు చేసి, కింద దరువు కలిపి, ఉగాదికి వేస్తానన్నాడు. కమిటీలో కొందరు పెద్దలు వద్దన్నారు. సంప్రదాయం పాడవుతుందని వాళ్ల బాధ. ఆ బాధ నాకూ తెలుసు. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఈ పాటలు ఏ తమిళ సినిమాలోనూ లేవు, ఆంధ్రా రేడియోలోనూ రాలేదు. మన మాట వింటే అక్కడి చుట్టాలు నవ్వుతారు, ఇక్కడి స్కూల్లో దానికి పీరియడ్ లేదు. పెరటిలో, గుడి ముందు, పంట కళ్లంలో పాడుకున్నారు కాబట్టి ఇన్నాళ్లు నిలిచాయి. మా వీధిలో మొదటినుంచి చివరిదాకా పాడగలిగినవాళ్లు ఇప్పుడు ముగ్గురే. ముగ్గురికీ డెబ్బై దాటింది. చికాగోలో పాటను మోసినవాళ్లు పాతికేళ్ల కుర్రాళ్లు. మన దగ్గర పాతికేళ్లవాడు ఒకడు తనంతట తాను వచ్చి అడుగుతుంటే తలుపు వేస్తే, తర్వాత ఎవరు మోస్తారు?

అలాగని వాడి ఇష్టానికి వదిలేయమనడం లేదు. నా సూచన ఇది. ముందు అవ్వల పాటలు పూర్తిగా, కోలల చప్పుడుతోనే రికార్డు చేసి సంఘంలో భద్రపరచాలి. ప్రతి పాటకూ పాడినవాళ్ల పేరు, ఊరు రాయాలి. దరువు కలిపిన పాట వేసే ముందు ఆ అవ్వను స్టేజి ఎక్కించి పేరు చెప్పాలి, చీర పెట్టాలి. లొలీటా హాలొవేకు జరిగింది మన అవ్వలకు జరగకూడదు. వాడికి ఈ షరతులు చెబితే, "మామా, పేర్లు నేనే పెద్ద అక్షరాల్లో స్క్రీను మీద వేస్తా" అన్నాడు.

వచ్చే మీటింగులో దీన్ని చర్చకు పెట్టమని సెక్రటరీగారిని కోరుతున్నాను. ఒప్పుకోనివాళ్లు కూడా తప్పకుండా రండి, ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. ఈలోగా మీ ఇంట్లో అవ్వకో అత్తకో తెలిసిన కోలాటం పాట ఏదైనా ఉంటే కింద రాయండి. తెలుగు రాయడం రాకపోతే తమిళ లిపిలోనే రాయండి. నేనూ తమిళ మీడియంలో చదివినవాణ్ణే, రిటైరయ్యాక తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగులోకి మార్చి పెట్టే పని నాది.