పిల్లుల బదిలీ

బ్యాంకు ఉద్యోగికి బదిలీ జలుబు లాంటిది. మూడేళ్లకోసారి వస్తుంది, మందు లేదు, భరించాలి. నా సర్వీసులో తొమ్మిది ఊళ్లు మారాను. సామాను లారీ ఎక్కించడం, పాలవాడి బాకీ తీర్చడం మా ఆవిడకు, నాకు అలవాటైపోయిన పనులు. అయితే 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్డరులో ఊరి పేరు లండన్ అని ఉంది.

మా హోసూరు ఇంట్లో అప్పటికి అమ్మ, మేమిద్దరం, రెండు పిల్లులు. నల్లోడు, చుక్కమ్మ. పాత ఇంటి అటక మీద ఒకే ఈతలో పుట్టాయి. అమ్మ రానంది. ఎనభై ఏళ్ల మనిషిని బలవంతపెట్టలేం, పైగా చెల్లెలి ఇల్లు రెండు వీధుల అవతలే. ఇక పిల్లుల సంగతి. "మనతోనే తీసుకుపోదాం" అంది మా ఆవిడ, అదేదో చేతిసంచిలో పెట్టుకుపోయే వస్తువులన్నట్టు.

నిబంధనలు తెచ్చి చదివాను. కామర్సు చదివినవాణ్ణి కనుక సర్క్యులర్లంటే భయం లేదు. మొదట పిల్లి మెడ దగ్గర చర్మం కింద 15 అంకెల నంబరున్న చిప్పు పెట్టాలి. మనకు ఖాతా నంబరు ఎలాగో దానికి అది అలాగ. ఆ తర్వాతే రేబీస్ టీకా. టీకా వేసి 30 రోజులు గడిచాక రక్తం తీసి, గుర్తింపు ఉన్న లేబరేటరీకి పంపాలి. మిల్లీలీటరుకు కనీసం 0.5 అంతర్జాతీయ యూనిట్ల ప్రతిరక్షకాలు ఉండాలి. ఇది కనీస నిల్వ. అది ఉందని తేలినా వెంటనే పంపరు. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ఇది టర్మ్ డిపాజిట్. ముందుగా తీసుకునే వీలు లేదు.

ఇంత పట్టింపు ఎందుకని మొదట విసుక్కున్నాను. బ్రిటన్ కుక్కల రేబీస్‌ను 1922లోనే వదిలించుకుంది. వీధికుక్క కరిస్తే సూదుల కోసం పరుగెత్తే దేశం నుంచి వచ్చేవాణ్ణి, నాకు అడిగే నోరెక్కడిది? 2012కు ముందు మన దేశం నుంచి వెళ్లే పిల్లిని ఆరు నెలలు క్వారంటైన్‌లో ఉంచేవారు. ఆ లెక్కన ఇప్పటి పిల్లులు అదృష్టవంతులు.

మే నెలలో చిప్పులు, టీకాలు వేయించి మేం బయలుదేరాం. జూన్‌లో మా బావ రెండింటినీ బుట్టల్లో పెట్టుకుని బెంగళూరు తీసుకెళ్లి రక్తం తీయించాడు. నల్లోడు దారి పొడుగునా కారులో అరిచాడట. ఫలితం సరిపోయింది. ఇంకో మెలిక ఉంది. యజమాని ప్రయాణానికి, జంతువు ప్రయాణానికి మధ్య 5 రోజులకు మించి తేడా ఉంటే అది పెంపుడు జంతువు కింద రాదు, సరుకు కింద లెక్క. నిబంధనలు మారిపోతాయి. అందుకని సెప్టెంబరు చివర సెలవు పెట్టి నేనే వచ్చాను.

గుమ్మంలోకి అడుగుపెట్టగానే నల్లోడు పరుగున వస్తాడనుకున్నాను. వాడు నా బూట్లు వాసన చూసి, పాస్‌బుక్కు తేని ఖాతాదారును చూసినట్టు చూసి వెళ్లిపోయాడు. చుక్కమ్మ అమ్మ ఒడిలోంచి దిగనే లేదు. రాత్రి రెండు గంటలకు గుండె మీద బరువు. చూస్తే నల్లోడు, ముందు కాళ్లతో నా బనియను పిసుకుతున్నాడు.

ఆ నాలుగు నెలల్లో ఇంట్లో ఏం జరిగిందో నాకు అప్పుడు తెలిసింది. మా వీధి నా చిన్నతనంలో తెలుగు వీధి. ఫ్యాక్టరీలు వచ్చాక అన్ని ఊళ్లవాళ్లూ వచ్చారు. అది తప్పని అనను, నేనూ అలా తొమ్మిది ఊళ్లలో బతికినవాణ్ణే. అమ్మ కొట్లో అరవం మాట్లాడుతుంది, పూలమ్మితో కన్నడం మాట్లాడుతుంది, ఎదురింటి పిల్లలతో సైగలు చేస్తుంది. చెల్లెలి ఇంట్లో పిల్లలు అరవంలోనే జవాబిస్తారు. రోజంతా తెలుగు మాట్లాడేది ఈ రెంటితోనే. వంకాయ ధర, మోకాలి నొప్పి, నాన్నగారి కోపం, అన్నీ వాటికి చెబుతోంది. అవి వింటున్నాయి.

"ఒకదాన్ని నీ దగ్గరే ఉంచుకోమ్మా" అన్నాను.

"ఒక కడుపున పుట్టినోటిని విడదీస్తావా?" అంది. కాసేపాగి, "తీసుకపో నాయనా. రేపు నాకేమన్నా అయితే వీటికి కూడు పెట్టేదెవురు? మీ చెల్లెలికి పిల్లి వెంట్రుక పడితే తుమ్ములు" అంది.

ఆమె చెప్పిన దాంట్లో తప్పు దొరకలేదు. ఎంత వెతికినా దొరకలేదు.

బయలుదేరే ముందు రోజు తన పాత నేత చీర చింపి రెండు పెట్టెల్లోనూ పరిచింది. ఉతకలేదు. వాసన పోతుందట. బ్రిటన్‌కు పిల్లులు విమానంలో మనతోపాటు కూర్చుని రాకూడదు, కార్గోగానే రావాలి. పది గంటలకు పైగా పైన కూర్చుని కింద ఏమవుతున్నాయోనని ఆలోచించడం తప్ప చేసేదేమీ లేదు. హీత్రూలో జంతువుల కోసం లండన్ నగర కార్పొరేషన్ నడిపే కేంద్రం ఉంది. అక్కడ చిప్పులు చదివి, కాగితాలు సరిచూసి, కొన్ని గంటల తర్వాత మా చేతికిచ్చారు. మా ఆవిడ ఏడ్చింది. చుక్కమ్మ ఆమె వేలు నాకింది.

ఇంట్లో నాలుగు రోజులు బట్టలుతికే యంత్రం వెనకే దాక్కున్నాయి. చీర ముక్క అక్కడ పరిచాక తినడం మొదలుపెట్టాయి.

పిల్లులు యజమాని గొంతును పరాయి గొంతు నుంచి వేరుగా గుర్తుపడతాయని 2013లో జపాన్ పరిశోధకులు ప్రచురించారు. గుర్తుపట్టినట్టు చెవి, తల తిప్పుతాయి గాని, చాలావరకు లేచి రావు. చదివి నవ్వుకున్నాను. ఇది తెలియడానికి పరిశోధన కావాలా?

అయితే అమ్మ ఫోను వస్తే మాత్రం చుక్కమ్మ లేచి వస్తుంది. స్పీకరు పెడితే ఫోను చుట్టూ తిరిగి, వెనక్కి వెళ్లి చూస్తుంది. అక్కడ గోడ తప్ప ఏమీ ఉండదు. మళ్లీ ముందుకు వస్తుంది. ఈ సంగతి అమ్మకు చెప్పలేదు. ఫోను తీయగానే ఆమె మొదటి మాట ఒకటే.

"తిన్నాయా?"

"తిన్నాయమ్మా."

"మీరు?"