మేము, మనం, నేను

కెనడా వచ్చిన ఏడో నెలలో మిసిసాగాలో ఒక తరగతిలో చేరాను. కొత్తగా వచ్చిన ఆడవాళ్లకు ఉద్యోగానికి కావలసిన సాఫ్ట్ స్కిల్స్ నేర్పే శిక్షణ. పక్క కుర్చీలో మనీలాలో ఏళ్ల తరబడి పనిచేసిన నర్సు, వెనక లాహోర్ లెక్చరరు. నేను నరసరావుపేట పత్తి మిల్లులో 6 ఏళ్లు లెక్కలు చూసినదాన్ని.

నేర్పినవాటిలో కొన్ని నిజంగా పనికొచ్చాయి. పై అధికారిని పేరు పెట్టి పిలవడం అక్కడే నేర్చుకున్నా. రెండు వారాలు నోరు రాలేదు.

నన్ను కుదిపేసింది ఒక చిన్న దిద్దుబాటు. ఉత్తుత్తి ఇంటర్వ్యూలో, మార్చి లెక్కలు మేం టైముకి ముగించేవాళ్లం అని ఇంగ్లీషులో అన్నాను. “'వీ' (we) అంటే ఎవరు? మీరేం చేశారో చెప్పండి” అంది శిక్షకురాలు. ఆ లెక్కలు చాలావరకు నేను తేల్చినవే. కానీ మిల్లులో 'నేను చేశా' అంటే కాటా దగ్గర పొద్దంతా నిలబడ్డ గుమస్తా చిన్నబుచ్చుకోడూ? మనకు మేము వేరు, మనం వేరు. ఎవరిని కలుపుకున్నామో, ఎవరిని బయట ఉంచామో మాటలోనే తెలుస్తుంది. ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే మాట. నా కాగితం మీద 'ఆత్మవిశ్వాసం తక్కువ' అని రాశారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

గొడవ సర్దిన సందర్భం చెప్పమంటే ఏమీ లేదన్నాను. నిజానికి మిల్లులో, పత్తిలో తేమ ఎక్కువుందని ధర తగ్గిస్తే రైతు మండిపడుతూ ఆఫీసు గదిలోకి వచ్చేవాడు. మంచినీళ్లిచ్చి, “కూర్చో బాబాయ్” అని, కాటా చీటీ ముందు పెట్టి లెక్క చూపించేదాన్ని. తప్పు మావైపుంటే యజమానికి నేనే చెప్పేదాన్ని. ఏటా పత్తి వచ్చినన్నాళ్లూ అదే పని. దాన్ని నైపుణ్యం అంటారని నాకెవరూ చెప్పలేదు. 12వ శతాబ్దంలో నాగమ్మ నలగామరాజుకు మంత్రిగా ఉన్నది మా పలనాడులోనే. అయినా నేను గొంతు పెంచితే “నాయకురాలు నాగమ్మలా ఏంటా మాటలు” అని అమ్మమ్మ కసిరేది. అక్కడ తగ్గించమన్న గొంతునే ఇక్కడ పెంచమన్నారు.

ఉద్యోగానికి కెనడా అనుభవం తప్పనిసరి అనడం వివక్షేనని, మిసిసాగా ఉన్న అంటారియో ప్రావిన్సు మానవ హక్కుల కమిషన్ 2013లోనే చెప్పింది. 2026 జనవరి 1 నుంచి అంటారియోలో 25 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలు ప్రకటనల్లో దాన్ని అడగకూడదు. మంచి చట్టం. కానీ 'ఈమె మాలో ఇమడదు' అన్న మాట ప్రకటనలో ఉండదు, ఇంటర్వ్యూ అయ్యాక గదిలో అనుకుంటారు. పత్తిలో తేమకు మీటరుంది. మనిషి చూపునీ నవ్వునీ కొలవడానికి ఏముంది?

మొన్న మాచర్ల అమ్మాయి ఒకతి ఫోన్ చేసింది.

“అక్కా, నాకు అనుభవమేం లేదు. మా నాన్న ఎరువుల కొట్లో కూర్చునేదాన్నంతే.”

“అరువులు ఎవరు వసూలు చేసేవాళ్లు?”

“నేనే.”

“ఎలా అడిగేదానివి?”

గంటసేపు చెప్పింది. పెన్ను తీసుకుని అదంతా రాయమన్నాను.